నేల–నింగి పాఠాలు, నాలుగో భాగం: పన్నెండింటికి నీడ ఎందుకు తప్పింది?

గత పాఠంలో, నిలబెట్టిన పుల్ల నీడ అతి చిన్నదైనప్పుడు దాని మీద గీత గీసి ఉత్తరం పట్టమంటే చాలామంది టీచర్లకు ఒకటే చిక్కు వచ్చింది. గడియారంలో పన్నెండు కొట్టగానే గీత గీశారు, పిల్లలేమో "సార్, నీడ ఇంకా తగ్గుతనే ఉంది" అన్నారు. పిల్లల మాటే నిజం. ఆ గీత చెరిపేయండి.

మన గడియారాలు చూపేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం సమయం. అది కాకినాడకు కాస్త తూర్పున పోతుంది. వరంగల్ సుమారు 79.6 దగ్గరుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మనకు మధ్యాహ్నం దాదాపు 12 నిమిషాలు ఆలస్యం, ఆదిలాబాద్‌కు 16. దీనికి తోడు భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, దాని అక్షం వాలి ఉంటుంది. అందుకే అసలు మధ్యాహ్నం, అంటే నీడ అతి చిన్నదయ్యే వేళ, ఏడాదిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. వరంగల్‌లో నవంబరు మొదట్లో 11:55కే వస్తే, ఈ ఫిబ్రవరి రెండో వారంలో 12:26 దాకా రాదు. ఇప్పుడు 12కు గీసిన గీత ఉత్తరం నుంచి 12 డిగ్రీల దాకా పడమరకు తప్పుతుంది. 30 సెం.మీ. పుల్లకు నీడ పొడవులో తేడా మాత్రం అర సెంటీమీటరే, అందుకే కొలిస్తే తప్ప కంటికి ఆనదు.

కాబట్టి గడియారాన్ని నమ్మకుండా వృత్తంతో పట్టండి. 30 సెం.మీ. పుల్లను చదునైన చోట నిలపండి. రాయి కట్టిన దారం వేలాడదీసి, రెండు వైపుల నుంచీ నిటారుగా ఉందో లేదో చూడండి. బడి ముంగిలి నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది కాబట్టి చెంబెడు నీళ్లు పోసి చూడనిదే మొదలుపెట్టకండి. సైకిల్ చక్రం పుల్ల వద్దు, దాని కొస నీడ మాసిపోతుంది. బొటనవేలంత లావు కర్రే నాకు నచ్చుతుంది. దాని కొసా అర సెంటీమీటరు దాకా మసకగానే ఉంటుంది, ప్రతిసారీ మసక మధ్యనే చుక్క పెట్టించండి.

పుల్ల మొదలు కేంద్రంగా 22, 25, 28 సెం.మీ. వ్యాసార్ధాలతో మూడు వృత్తాలు గీయండి. ఈ రోజుల్లో నీడ కొస 25 సెం.మీ. వృత్తాన్ని పొద్దున 10:50 ప్రాంతంలో, మళ్లీ మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో తాకుతుంది. ఆ రెండు చుక్కలు కలిపితే తూర్పు–పడమర గీత, దానికి లంబం ఉత్తరం–దక్షిణం. మూడు వృత్తాలు ఎందుకంటే, భోజనాల హడావిడిలో ఒక చుక్క తప్పడమో మబ్బు పట్టడమో ఖాయం.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. "మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు" అని బోర్డు మీద రాయకండి. వరంగల్‌లో అలా ఏడాదికి రెండు రోజులే, మే రెండో వారంలో ఒకటి, జులై నెలాఖరు ప్రాంతంలో మరొకటి. డిసెంబరు 21న ఇదే పుల్ల మధ్యాహ్న నీడ 26 సెం.మీ. పైగా ఉత్తరానికి పడుతుంది. మార్చి 21న సుమారు 10. జూన్ 21న దాదాపు 3, అదీ దక్షిణానికి! ఈ దిక్కు మార్పు చూడని పిల్లవాడికి ఆరో తరగతిలో కర్కటరేఖ వట్టి బట్టీ పాఠం అవుతుంది.

అభ్యాసం: ఇప్పటి నుంచి ప్రతి నెలా 21న అదే చోట అతి చిన్న నీడ కొలిపించి, ఒకే చార్టు మీద తేదీతో గుర్తు పెట్టించండి. మేలో బడికి సెలవులు, జులై ఆఖరున మబ్బులు. కనుక మే 8 నుంచి 15 దాకా ప్రతి పిల్లవాడూ ఇంటి వాకిట్లో పుల్ల పాతి, 12:00 నుంచి 12:20 దాకా రెండేసి నిమిషాలకు కొలిచి, కాగితం మీద రాసి తేవాలి.