స్పెల్ (మంత్రం) కనిపించడం లేదా? పుస్తకం కొనే ముందు చూడవలసినవి

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల కోసం వాడే డిజిటల్ పరికరాల్లో ఏదైనా వెతికినప్పుడు దొరక్కపోతే, అది డబ్బు కట్టినవారికే ఇస్తారని అనుకోవడం ఆటగాళ్లకు అలవాటైపోయింది. ఆ అనుమానం కొన్నిసార్లు నిజమే. కానీ నన్ను సాయం అడిగిన వారి క్యారెక్టర్ షీట్లు తెరిచి చూసినప్పుడు, డబ్బుతో సంబంధం లేని కారణాలే ఎక్కువగా బయటపడ్డాయి. క్యారెక్టర్ తయారు చేయడం, క్యాంపెయిన్‌లో చేరడం, కంపెండియంలో (నియమాలన్నీ ఉండే జాబితాలో) వెతకడం మీకు వచ్చునన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌వి. ఉచితానికీ కొనుగోలుకూ మధ్య గందరగోళం ఎక్కువగా కనిపించేది అక్కడే.

కొన్న పుస్తకానికే తాళం గుర్తు

ఈ లక్షణం కనిపిస్తే ముందు చూడవలసింది మీరు ఏ ఖాతాతో లోపలికి వచ్చారన్నది. ఈ మాట చెప్పినప్పుడల్లా "నాకున్నది ఒకే ఖాతా" అన్న జవాబే వస్తుంది, పది నిమిషాల తర్వాత రెండో ఖాతా బయటపడుతుంది. పుస్తకం కొన్న రోజున గూగుల్ మీట నొక్కి వచ్చినవారు, కొత్త ఫోన్‌లో ఆపిల్ మీట నొక్కి వస్తారు. ఆ రెండింటి వెనకా వేర్వేరు ఈమెయిళ్లు ఉంటే, మారుమాట లేకుండా కొత్త ఖాళీ ఖాతా పుడుతుంది. ఖాతా పేజీలో ఉన్న ఈమెయిల్‌నూ, కొనుగోలు రసీదు వచ్చిన ఈమెయిల్‌నూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. అవి వేరైతే బయటికి వచ్చి, రసీదులో ఉన్న ఖాతాతో మళ్లీ లాగిన్ కండి. ఈ పోలిక చూడకుండా అదే పుస్తకాన్ని రెండోసారి కొన్నవారు నాకు తెలుసు.

ఈమెయిల్ సరిపోయినా తాళం పోకపోతే, కొన్నది ఎక్కడో గుర్తు చేసుకోండి. ఒక వేదికలో కొన్న డిజిటల్ పుస్తకం మరో వేదికలోకి దానంతట అది రాదు. అచ్చు పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన డిజిటల్ హక్కు కూడా వచ్చినట్టు కాదు. దీనికి సెట్టింగుల్లో పరిష్కారం లేదు.

డీఎం (ఆట నడిపేవారు) దగ్గర ఉంది, ఆటగాడికి లేదు

ఒకరు కొన్న పుస్తకాన్ని బల్ల చుట్టూ ఉన్న అందరూ వాడుకోవచ్చా అన్నది పరికరాన్ని బట్టి మారుతుంది. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ కోసం ఉన్న డీ అండ్ డీ బియాండ్ సైట్‌లో అలా పంచుకోవాలంటే క్యాంపెయిన్‌లో ఎవరో ఒకరికి మాస్టర్ స్థాయి చందా ఉండాలి. ఆ పైన క్యాంపెయిన్ పేజీలో పంచుకునే మీటను వారే వేయాలి. చందా కట్టి, మీట వేయడం మరిచిపోయిన డీఎంలు చాలా మంది. మీట కూడా వేసి ఉంటే, తప్పు దాదాపు ఎప్పుడూ ఒకచోటే ఉంటుంది. ఆటగాడు క్యాంపెయిన్‌లో చేరాడు గానీ, అతని క్యారెక్టర్ చేరలేదు. పంచుకున్న పుస్తకాలు క్యాంపెయిన్‌కు జతపడిన క్యారెక్టర్‌కే తెరుచుకుంటాయి. ముందుగా ఇంట్లో కూర్చుని విడిగా తయారు చేసుకున్న షీటుకు ఆ సంగతి తెలియదు. క్యాంపెయిన్ పేజీలో ఆటగాడి పేరు కింద క్యారెక్టర్ పేరు కనిపిస్తోందా అని చూడండి. కనిపించకపోతే షీటును జతచేసి, మళ్లీ తెరవండి. ఉచిత ఖాతాలో 6 క్యారెక్టర్లకే చోటుంటుంది కాబట్టి, పాతవన్నీ అలాగే ఉంచుకున్నవారికి కొత్తది తయారు చేసే వీలు కూడా ఉండదు. అదీ ఒకసారి చూసుకోండి.

ఆన్‌లైన్‌లో బల్ల ఆటలు ఆడించే ఫౌండ్రీ అనే పరికరంలో లెక్క వేరు. అక్కడ ఆట నడిపేవారు ఒక్కరు లైసెన్సు కొంటే చాలు, ఆటగాళ్లు బ్రౌజర్‌లో ఉచితంగా చేరతారు. అందుకని "నేనూ కొనాలా?" అని ఆటగాడు అడిగితే అక్కర్లేదనే చెప్పండి. కొన్న మాడ్యూల్ (అదనంగా జతచేసే భాగం) ఆటగాడికి కనిపించకపోతే, దాన్ని ఆ వరల్డ్‌లో (ఆడుతున్న ఆటలో) చేతనం (ఎనేబుల్) చేశారా, కంపెండియం చూసే అనుమతి ఆటగాళ్లకు ఇచ్చారా అన్న రెండు ప్రశ్నలతో పని అయిపోతుంది. మాడ్యూల్‌ను ఇన్‌స్టాల్ చేయడమూ, వరల్డ్‌లో చేతనం చేయడమూ రెండు వేర్వేరు పనులు.

ఉచితంగా ఉన్నదే దొరకకపోవడం

నేను స్వయంగా దెబ్బ తిన్నది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

లక్షణం ఇలా ఉంటుంది. ఆటగాడు అచ్చు పుస్తకంలో చదివిన స్పెల్ పేరును వెతుకుడు పెట్టెలో కొడతాడు. ఫలితాలు సున్నా వస్తాయి, లేదంటే తాళం గుర్తుతో ఒకటి వచ్చి, పక్కనే కొనమన్న మీట కనిపిస్తుంది. అంతటితో అది ఉచిత భాగంలో లేదన్న నిర్ణయానికి వస్తాడు. నిజానికి అదే స్పెల్ నాలుగు అంగుళాల కింద, వేరే పేరుతో, పైసా ఖర్చు లేకుండా కూర్చుని ఉంటుంది.

కారణం తెలియాలంటే ఉచిత భాగం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. ఈ పరికరాల్లో ఐదో ఎడిషన్‌కు ఉచితంగా దొరికే నియమాలకు చాలా చోట్ల ఆధారం ఎస్ఆర్‌డీ (సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్) అనే పత్రం. ప్రచురణకర్త అయిన విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ దీన్ని మొదట 2016లో ఓపెన్ గేమ్ లైసెన్సు కింద విడుదల చేసింది. 2023 జనవరిలో 5.1 రూపాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద కూడా ఇచ్చింది. ఆట నియమాలను ఇవ్వడానికి సిద్ధపడిన సంస్థ, తన కల్పిత లోకానికి చెందిన మాంత్రికుల పేర్లను మాత్రం ఇవ్వలేదు. అందుకే పుస్తకంలో ఏ స్పెల్‌కైనా ముందు మాంత్రికుడి పేరు ఉంటే, ఉచిత పత్రంలో ఆ పేరును తీసేశారు. స్పెల్ అదే, స్థాయి అదే, పాచికలు అవే. యజమాని ఒక్కడే మాయమయ్యాడు.

టాషాస్ హిడియస్ లాఫ్టర్ ఉచితంలో ఒట్టి హిడియస్ లాఫ్టర్‌గా ఉంటుంది. లియోముండ్స్ టైనీ హట్‌ను టైనీ హట్ అనీ, మెల్ఫ్స్ యాసిడ్ యారోను యాసిడ్ యారో అనీ, టెన్సర్స్ ఫ్లోటింగ్ డిస్క్‌ను ఫ్లోటింగ్ డిస్క్ అనీ వెతకాలి. ఎవర్డ్ పేరు పోయి బ్లాక్ టెంటకిల్స్ మిగిలింది, రారీ పేరు పోయి టెలిపతిక్ బాండ్ మిగిలింది. డ్రామిజ్ పేరు పోయి ఇన్‌స్టంట్ సమన్స్ మిగిలింది. (ఆ డ్రామిజ్ అన్నది ఆట తొలినాళ్ల రచయిత జిమ్ వార్డ్ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో వెనక నుంచి రాసినది, ఈ పేర్లను వదులుకోవడానికి సంస్థ ఎందుకు ఇష్టపడలేదో దీన్నిబట్టి ఊహించవచ్చు.) అక్షర క్రమంలో ఉన్న జాబితాలో ఒక స్పెల్ పేరులోని మొదటి మాట పోతే, అది ఇంకో అక్షరం కిందికి వెళ్లిపోతుంది. జాబితాను కంటితో వెతికేవారికి అందుకే దొరకదు.

పేరు తీసేస్తే మిగిలింది మరీ బోసిగా ఉన్నచోట కొత్త మాట చేర్చారు. అసలు చిక్కు వీటితోనే. బిగ్‌బీస్ హ్యాండ్ ఉచితంలో ఆర్కేన్ హ్యాండ్ అయింది. మోర్డెన్‌కైనెన్స్ సోర్డ్ ఆర్కేన్ సోర్డ్ అయింది. నిస్టుల్స్ మ్యాజిక్ ఆరా కాస్తా ఆర్కనిస్ట్స్ మ్యాజిక్ ఆరా అయి కూర్చుంది. మేజిక్ వస్తువుల్లోనూ ఇదే తంతు: అపరేటస్ ఆఫ్ క్వాలిష్ కావాలంటే అపరేటస్ ఆఫ్ ద క్రాబ్ అని వెతకాలి, కియోటమ్స్ ఆయింట్‌మెంట్ కావాలంటే రెస్టోరేటివ్ ఆయింట్‌మెంట్ అని వెతకాలి. హెవర్డ్స్ హ్యాండీ హావర్‌శాక్ మాత్రం పాపం, పేరు పోగొట్టుకుని హ్యాండీ హావర్‌శాక్‌గా మిగిలింది.

నా బల్ల దగ్గర జరిగింది ఇది. విజార్డ్ ఆడే ఆటగాడు తొమ్మిదో స్థాయికి చేరి బిగ్‌బీస్ హ్యాండ్ కావాలన్నాడు. నేను వెతికాను, తాళం కనిపించింది, పుస్తకం కొన్నాను. తర్వాత వారం అతని షీటులో బిగ్‌బీస్ హ్యాండ్, ఆర్కేన్ హ్యాండ్ రెండూ ఐదో స్థాయి స్పెల్స్ కింద వరసగా కనిపించాయి. రెండూ వేరనుకుని అతను రెండింటినీ ప్రిపేర్ చేసుకున్నాడు, తనకున్న పరిమితిలో ఒక చోటు వృథా చేసుకున్నాడు. పోరాటం మధ్యలో వివరణ తెరిచి చదివితే, పిడికిలి దెబ్బకు రెండింటిలోనూ అవే 4డీ8 పాచికలు (ఎనిమిది ముఖాలవి నాలుగు). డిజిటల్ పుస్తకానికి డబ్బు వెనక్కి అడగడం ఎంత సుఖమో ఆ వారమే తెలిసింది.

పరిష్కారం పేరుతో వెతకడం మానేయడమే. క్లాసు, స్పెల్ స్థాయి, స్కూలు (స్పెల్ రకం) అన్న మూడు వడపోతలను పెట్టి, వచ్చిన చిన్న జాబితాలో వివరణలు చదవండి. విజార్డ్, ఐదో స్థాయి, ఎవొకేషన్ అని పెడితే మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందులో చేయి ఆకారంలో ఉన్నది ఏదో గుర్తుపట్టడానికి పాండిత్యం అక్కర్లేదు. వడపోతలు లేని పరికరమైతే, పేరులోని చివరి మాటను మాత్రమే కొట్టండి. హ్యాండ్, సోర్డ్, ఆరా అంటే చాలు. ఇప్పటికే రెండు రూపాలూ షీటులోకి వచ్చేసి ఉంటే, మూలం చూపించే గుర్తును బట్టి ఒకదాన్ని తీసేయండి.

ఈ చిట్కాకు హద్దు ఉంది. పేరున్న ప్రతి స్పెల్‌కూ ఉచితంలో మారుపేరు ఉంటుందని అనుకోకండి. ఆర్మర్ ఆఫ్ అగాథిస్, హంగర్ ఆఫ్ హడార్ 5.1 పత్రంలో ఏ పేరుతోనూ లేవు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ వంటి రాక్షసుల కోసం మారుపేరు వెతకడం కాలం వృథా చేసుకోవడమే. వాటిని సంస్థ పూర్తిగా తన దగ్గరే ఉంచుకుంది.

పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండో ఎడిషన్ ఆడేవారికి డబ్బు బెడద తక్కువ, ఎందుకంటే దాని నియమాలు ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటాయి. పేర్ల బెడద మాత్రం వారికీ తప్పలేదు. 2023 చివర్లో మొదలైన రీమాస్టర్ (సవరించిన) పుస్తకాల్లో మ్యాజిక్ మిసైల్ ఫోర్స్ బ్యారేజ్ అయింది, ఫ్లాట్ ఫుటెడ్ ఆఫ్ గార్డ్ అయింది, అటాక్ ఆఫ్ ఆపర్చునిటీ రియాక్టివ్ స్ట్రైక్ అయింది. పాత పేరుతో వెతికి, కొత్త పరికరం అసంపూర్ణమని తిట్టేవారికి ఈ మూడు జతలు చూపిస్తే చాలు.

ఎంచుకోవడానికి ఒకటే సబ్‌క్లాస్ (క్లాసులోని ఉపవిభాగం) ఉండటం

ఇది తప్పు కాదు, నిజంగానే ఉచిత భాగం హద్దు. 5.1 పత్రంలో ఒక్కో క్లాసుకు ఒక్కో సబ్‌క్లాస్ మాత్రమే ఉంది. ఫైటర్‌కు ఛాంపియన్, రోగ్‌కు థీఫ్, వార్‌లాక్‌కు ఫీండ్, ఇలా. బ్యాక్‌గ్రౌండ్ (క్యారెక్టర్ పూర్వ జీవితం) అకొలైట్ ఒక్కటే, ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) గ్రాప్లర్ ఒక్కటే. మీ జాబితా సరిగ్గా ఇలాగే ఉంటే పరికరం బాగానే పనిచేస్తోంది, మీరు చూస్తున్నది ఉచిత భాగం.

ఒక విషయం మాత్రం పరీక్షించండి. 2025 ఏప్రిల్‌లో 2024 నియమాల ఆధారంగా 5.2 పత్రం వచ్చింది. అందులో అకొలైట్‌తో పాటు క్రిమినల్, సేజ్, సోల్జర్ కూడా ఉన్నాయి, 5.1లో లేని హెక్స్ స్పెల్ ఇందులో ఉంది. మీ పరికరం ఇంకా పాత పత్రం మీదే నడుస్తుంటే, లేదా మీ క్యాంపెయిన్ 2014 నియమాలకు (5.1 పత్రానికి ఆధారమైన పాతవాటికి) అమర్చి ఉంటే ఇవి కనిపించవు. ఆట నియమాలు ఏ సంవత్సరానివో డీఎంను అడిగి, ఆ తర్వాతే ఆ అమరికను మార్చండి. ఒకే బల్ల మీద సగం మంది పాత నియమాలతో, సగం మంది కొత్త నియమాలతో ఆడటం వల్ల వచ్చే తగువులను ఏ పుస్తకమూ తీర్చలేదు.

ఛాంపియన్ కాకుండా ఇంకో సబ్‌క్లాసే కావాలంటే, అచ్చు పుస్తకం మీ దగ్గర ఉన్నప్పుడు హోంబ్రూ (సొంతంగా రాసుకునేవి పెట్టే) పేజీలో మీ బల్ల వరకు టైపు చేసుకోవడం ఒక దారి. అరగంట పని. దాన్ని అందరికీ కనిపించేలా పంచుకోకండి, మీ క్యాంపెయిన్‌కే పరిమితం చేయండి.

మిగిలినవి

క్యారెక్టర్ తయారీ మొదటి పేజీలో పుస్తకాల వారీగా, హోంబ్రూకూ వేరుగా మీటలు ఉంటే, అవి వేసి ఉన్నాయా చూడండి. నిన్న కొన్నది ఇవాళ ఫోన్‌లో రాకపోతే ఒకసారి లాగౌట్ చేసి రండి. ఫౌండ్రీలో ఒక మాడ్యూల్ చేతనం చేయగానే మరొకటి మాయమైతే, అన్నిటినీ ఆపేసి ఒక్కొక్కటే వేసుకుంటూ రండి. బ్రౌజర్ క్యాష్ తుడిచేయమని అందరూ ముందుగా చెబుతారు గానీ, నా అనుభవంలో దానివల్ల తీరిన సమస్యలు అరుదు.

ఇవన్నీ చూసినా కొన్నది తెరుచుకోకపోతే, ఆ వేదిక సహాయ విభాగానికి రాయండి. రసీదు సంఖ్య, ఖాతా ఈమెయిల్, ఏ క్యారెక్టర్ షీటులో ఏ పేరుతో వెతికితే దొరకలేదో మొదటి ఉత్తరంలోనే ఇవ్వండి. లేకపోతే అవే అడుగుతూ వారి నుంచి తిరిగి ఉత్తరం వస్తుంది, ఆ వారం ఆట కూడా తాళంతోనే గడిచిపోతుంది.