బరువు కట్టే ముందు అరగంట

తాటిచెట్టు మీద నుంచి జారిపడిన ఆ గీత కార్మికుడిని ఆటోలోంచి దించుతుంటే, అతని అరుపు థియేటర్‌లో ఉన్న నాకు వినిపించింది. కుడి తొడ ఎముక నడిమికి విరిగింది. ఛాతీ నిండా నిమ్ము ఉంది కాబట్టి ఇప్పట్లో ఆపరేషన్‌కు పనికిరాడు. మోకాలి కింద పిన్ను వేసి, కాలిని స్ప్లింట్ మీద పెట్టి బరువు కడదామన్నారు ఎముకల డాక్టరు. మత్తు డాక్టరుగా నా పని అక్కడ మొదలవుతుంది. కొత్తగా డ్యూటీలో చేరే కుర్ర డాక్టర్లకు నేను చెప్పే పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. సీనియర్ పక్కన ఉండగా చేతికి అలవాటయ్యాకే ఒంటరిగా చేయండి.

ఎముక విరగగానే తొడ కండరాలు బిగుసుకుని విరిగిన కొసలను ఒకదాని మీదకు ఒకటి లాగుతాయి. నొప్పి మందు ట్రమడాల్ ఇస్తే పడుకున్నంతసేపూ ఊరటగానే ఉంటుంది. కాలు కదిపితే మళ్లీ అదే కేక. అలాగని గాఢమైన మత్తు ఇద్దామంటే, ఆ నిమ్ము ఊపిరితో నాకు ధైర్యం చాలదు. అందుకే ఫేషియా ఇలియాకా బ్లాక్, అంటే గజ్జల దగ్గర ఆ పేరున్న పొర కింద మందు పెట్టి తొడ నరాలను మొద్దుబార్చడం. 1989లో డాలెన్స్ బృందం పిల్లల్లో వివరించిన ఈ పద్ధతిలో సూది నరానికి, రక్తనాళానికి దూరంగా దిగుతుంది. మందే పొర కింద పాకుతూ నరాన్ని చేరుకుంటుంది. అందుకే మందు పలచగా, ఎక్కువగా కావాలి.

సూది పట్టేముందు పాదం చూడండి. వేళ్లు కదుపుతున్నాడా, పాదం పైకి లేపుతున్నాడా, పాదం మీద నాడి అందుతోందా అన్నది కేస్ షీటులో రాయండి. రాయకపోతే రేపు వచ్చే ప్రతి తిమ్మిరికీ మీ సూదే కారణమంటారు. గజ్జల్లో చీము ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందు సీనియర్‌ను అడగండి. సెలైన్ లైను, మానిటర్, ఆక్సిజన్, అత్యవసర మందులు సిద్ధంగా లేని చోట ఈ పని మొదలుపెట్టవద్దు.

మందు లెక్క కాగితం మీద వేయండి. ఇతని బరువు 55 కిలోలు. నరాన్ని మొద్దుబార్చే మందు బుపివకైన్ కిలోకు 2 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే 110. అర శాతం మందు 15 మిల్లీలీటర్లకు అంతే సెలైన్ కలిపితే పావు శాతం మందు 30 మిల్లీలీటర్లు వస్తుంది. అందులో ఉన్నది 75 మిల్లీగ్రాములు. వెన్నుకిచ్చే 'హెవీ' ఆంప్యూల్ కాదు సుమా, లేబుల్ రెండుసార్లు చదవండి. పిన్ను దగ్గర ఇచ్చే లిగ్నోకైన్ (అదీ మొద్దుబార్చే మందే) కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. చాలామంది మరచిపోయేది ఇక్కడే. మొత్తం కోటాలో మూడింట రెండు వంతులు బుపివకైన్ ఇప్పటికే వాడేసింది. మిగిలిన మూడో వంతులో, లిగ్నోకైన్ సొంత పరిమితి లెక్కన, ఒక శాతం లిగ్నోకైన్ 5 మిల్లీలీటర్లే పడుతుంది.

తుంటి ముందు చేతికి తగిలే ఎముక మొన నుంచి ప్యూబిక్ ట్యూబర్‌కిల్ (పొత్తికడుపు కింద ముందువైపు ఎముక మీది బుడిపె) దాకా పెన్నుతో గీత గీయండి. దాన్ని మూడు భాగాలు చేసి, బయటి మూడో వంతు ముగిసే చోటుకు ఒక సెంటీమీటరు కిందకు గుర్తు పెట్టండి. లోపలివైపు ధమని కొట్టుకోవడం వేలికి తెలియాలి, గుర్తు దానికి దూరంగా ఉండాలి. అల్ట్రాసౌండ్ ఉంటే వాడండి. లేకపోతే ఈ గీతే దారి.

శుభ్రం చేసి, చర్మానికి చుక్క లిగ్నోకైన్ ఇచ్చి, మామూలు సూదితో చిన్న రంధ్రం చేయండి. ఆ రంధ్రంలోంచి మొద్దు మొన ఉన్న బ్లాక్ సూదిని దించండి. పదునైన సూదికి పొరల సంగతి తెలియదు, వెన్నలో దిగినట్టు దిగిపోతుంది. మొద్దు సూది మాత్రం ఒక్కక్షణం ఆగుతుంది, పొర కాస్త లోపలికి వంగుతుంది, ఆపై 'టప్' మని దాటుతుంది. బిగించి కట్టిన ప్లాస్టిక్ కవరును అగ్గిపుల్ల వెనకవైపుతో పొడిచి చూడండి, అచ్చం అలాగే ఉంటుంది. అది ఫేషియా లేటా, తొడను చుట్టి ఉండే పై పొర. ఇంకొంచెం దించితే రెండో టప్, మొదటిదానికన్నా మెత్తగా. అదే ఫేషియా ఇలియాకా. అక్కడ ఆగి, సూదిని కొద్దిగా వాల్చండి. వెనక్కి లాగి రక్తం రాలేదని చూసి, 5 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తూ ప్రతిసారీ మళ్లీ లాగి చూడండి. మందు తేలిగ్గా పోవాలి. గట్టిగా తోయాల్సి వచ్చినా, కాలిలోకి కరెంటు కొట్టినట్టుందని అతనన్నా ఆపేయండి.

ఇస్తున్నంతసేపూ అతనితో మాట్లాడుతూనే ఉండండి. పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి అంటే మందు రక్తంలోకి పోతున్నట్టే. వెంటనే ఆపి, మనుషులను పిలిచి, ఆక్సిజన్ పెట్టండి. ఫిట్స్ వచ్చినా, గుండె లయ తప్పినా 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (సెలైన్ లైనులో ఎక్కించే కొవ్వు ద్రావణం) కిలోకు 1.5 మిల్లీలీటర్లు, ఇతనికైతే సుమారు 80. ఆ సీసా ఏ బీరువాలో ఉందో సూది పట్టకముందే తెలిసి ఉండాలి.

ఇక కష్టమైన భాగం, ఏమీ చేయకుండా ఉండటం. సూది పని ఐదు నిమిషాలు, మందు పట్టడానికి ఇరవై నుంచి ముప్పై. పదో నిమిషానికే ఎముకల డాక్టరు పిన్ను పట్టుకుని నిలబడతారు. 'ఇంకా ఎంతసేపు?' అని అడిగితే గడియారం చూపిస్తాను. ఒకసారి మొహమాటపడి పన్నెండో నిమిషానికి సరేనన్నాను. ఆ రోజు రోగి చూసిన చూపు తరవాత మొహమాటం మానేశాను. స్పిరిట్ దూది తొడ ముందు, బయటి పక్క పెట్టి 'చల్లగా ఉందా?' అని అడగండి. చల్లదనం తెలియడం లేదంటేనే కాలు ముట్టుకోనివ్వండి.

ఈ బ్లాక్ తొడ వెనకను, పిక్క బయటి పక్కను మొద్దుబార్చదు. 'నొప్పి చాలా తగ్గుతుందయ్యా, మొత్తం పోదు' అని ముందే చెప్పండి. పిన్ను వేసేచోట రెండు పక్కలా, ఎముక పొర దాకా, ఆ 5 మిల్లీలీటర్ల లిగ్నోకైన్ ఇవ్వండి.

బరువు కట్టాక మళ్లీ పాదం చూడండి. పాదం పైకి లేవడం లేదంటే బ్లాక్ మీదకు నెట్టేయకండి, ఆ నరం మన మందు పరిధిలోది కాదు. మోకాలి బయటి పక్కన స్ప్లింట్ ఒత్తుతోందేమో చూడండి. తొడ రాయిలా బిగుస్తున్నా, నొప్పి లెక్కకు మించి పెరుగుతున్నా ఎముకల డాక్టరును లేపండి. బ్లాక్ ఆ నొప్పిని కొంత కప్పేస్తుంది కాబట్టి చేత్తో తడిమి చూడాల్సిందే.

ఆ గీత కార్మికుడికి మధ్యాహ్నం రెండింటికి బ్లాక్ ఇచ్చాను. సాయంత్రం టీ అడిగి తాగాడు. బ్లాక్ ఇచ్చిన ఎనిమిది, పది గంటల తరవాత మందు దిగడం మొదలవుతుంది. అందుకే రాత్రి తొమ్మిదికే పారాసెటమాల్ ఇవ్వాలని షీటులో రాసి, కింద గీత గీసి, నైట్ డ్యూటీ సిస్టర్‌కు నోటితో కూడా చెప్పి ఇంటికి వెళ్లాను.