టైసన్‌లా కొట్టాలనుకునే కుర్రవాడికి రింగులో దూకుడును అదుపు చేసుకోవడం నేర్పించే విధానం

నెల్లూరులోనో ఒంగోలులోనో బాక్సింగ్ నేర్చుకోవడానికి వచ్చే పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రవాళ్లలో చాలామంది మైక్ టైసన్‌ను ఫోన్‌లో అరనిమిషం ముక్కలుగా మాత్రమే చూసి ఉంటారు. ప్రత్యర్థి కుప్పకూలడం, టైసన్ గుడ్లురిమి చూడడం, ప్రత్యర్థి బాక్సర్ ఇవాండర్ హోలీఫీల్డ్ చెవి కొరకడం, ఇవన్నీ ఒకే కోపం తాలూకు పనులని నమ్మి, మొదటి స్పారింగ్‌లోనే (సాధన పోరులోనే) కళ్లు మూసుకుని చేతులు విసురుతారు. అలాంటి శిష్యుడు చేతికి వచ్చినప్పుడు శిక్షకుడు ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

వీడియోలు మాన్పించాలని చూడకండి, మానరు. దాని బదులు పూర్తి పోరాటాలను పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. 1986 నవంబర్ 22న లాస్ వేగాస్‌లో టైసన్ ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండులోనే ఓడించి, ఇరవై ఏళ్లకే హెవీవెయిట్ ఛాంపియన్ అయిన పోరాటంతో మొదలుపెట్టవచ్చు. వ్యాఖ్యానం వినబడకుండా చేసి, టైసన్ చేతులను వదిలేసి తలను, పాదాలను గమనించమనండి. రెండు గ్లౌజులూ దవడలకు ఆనుకుని ఉంటాయి, తల ఒక చోట నిలవదు, అవతలివాడి జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) పక్కనుంచి జారిపోయాకే అతను లోపలికి దూరతాడు. అయిదడుగుల పది అంగుళాల మనిషి హెవీవెయిట్లలో పొట్టివాడి కిందే లెక్క. పొడుగు చేతుల వాళ్లను దూరం నుంచి కొట్టడం అతనికి సాధ్యం కాదు కనుక, గురువు కస్ డమాటో ఈ పద్ధతిని ఏళ్ల తరబడి నూరిపోశాడు. చూసేవారికి వెర్రి ఆవేశంలా కనిపించే అడుగు వెనక అంత లెక్క ఉంది. ఈ మాట కుర్రవాడు తన నోటితో చెప్పేదాకా మళ్లీ మళ్లీ చూపించవలసిందే.

దీని సాధనకు ఖరీదైన సామాను అక్కర్లేదు. పాత గుడ్డతో పిడికిలంత సంచి కుట్టి, ఎండిన పెన్న ఇసుక నింపి, నుదుటి ఎత్తున తాడుతో వేలాడదీసి ఊపండి. అది మీదికి వచ్చినప్పుడల్లా మోకాళ్లు వంచి తల తప్పించాలి, తప్పించాకే గుద్దు వేయాలి. రోహిణి కార్తెలో మాత్రం పొద్దెక్కకముందే ముగించండి. మన ఎండకు అలసిన ఒంట్లో ముందు గార్డ్ (ముఖాన్ని కాచే చేతులు) దిగుతుంది, ఆ వెంటనే ఓర్పు పోతుంది.

అసలు కష్టమైన పాఠం 1997 జూన్ 28 నాటి హోలీఫీల్డ్ పోరాటంలో ఉంది. దాన్ని చూపించేటప్పుడు నేరుగా చెవి కొరికిన చోటికి వెళ్లకండి. అంతకు ఏడు నెలల ముందు తొలి పోరాటంలో హోలీఫీల్డ్ దగ్గరికి వచ్చి చేతులు పట్టేస్తుంటే ఏమీ చేయలేక టైసన్ పదకొండో రౌండులో ఓడిపోయాడు. రెండో పోరాటంలో రెండో రౌండు జరుగుతుండగా తలలు ఢీకొని టైసన్ కుడి కంటిపై చీరుకుపోయింది. రిఫరీ మిల్స్ లేన్ అది కావాలని చేసింది కాదని తేల్చాడు. మూడో రౌండుకు టైసన్ మౌత్‌పీస్ (పళ్లకు పెట్టుకునే తొడుగు) లేకుండానే లేచి వచ్చాడు, రిఫరీ వెనక్కి పంపి పెట్టించాడు. ఆ రౌండులోనే హోలీఫీల్డ్ కుడి చెవిని కొరికి రెండు పాయింట్లు పోగొట్టుకున్నాడు, పోరాటం మళ్లీ మొదలయ్యాక ఎడమ చెవినీ కొరికాడు. అనర్హతతో ఓటమి, 30 లక్షల డాలర్ల జరిమానా, నెవాడాలో లైసెన్సు రద్దు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

వీడియో ఆపి ప్రశ్న వేయవలసిన చోటు మౌత్‌పీస్ లేకుండా వచ్చిన ఆ క్షణం. "ఇప్పుడితని కార్నర్‌లో (రౌండ్ల మధ్య బాక్సర్‌ను చూసుకునేవాళ్లుండే మూలలో) నువ్వుంటే ఏం చేస్తావు నాయనా?" అని అడగండి. చేతులు కట్టేసినట్టయినప్పుడు ఏం చేయాలో తోచని మనిషి పళ్లకు పని చెప్పాడని నా అభిప్రాయం. అలాంటప్పుడు దారి చూపే పాత గురువులెవరూ అప్పటికి పక్కన లేరు. డమాటో 1985లోనే చనిపోయాడు, అతని పద్ధతిలో నడిపించిన కెవిన్ రూనీని టైసన్ 1988లో దూరం చేసుకున్నాడు.

కాబట్టి చిక్కుకుపోవడాన్నే సాధన చేయించండి. హెడ్‌గార్డులు పెట్టించి, కాస్త బరువైన కుర్రవాణ్ణి ఎదుట నిలిపి, మీదపడి చేతులు పట్టేయమనండి. మనవాడు మోచేతులు దగ్గరికి లాక్కుని, గడ్డం దించి, మీరు 'బ్రేక్' (విడిపోండి) అనేదాకా ఊపిరి పీలుస్తూ ఆగాలి, ఆ మాట వినగానే ఒక్క అడుగు వెనక్కి వేసి గార్డ్ ఎత్తాలి. ఆ తర్వాత విజిల్ సాధన మొదలుపెట్టండి. ఎప్పుడు ఊదుతారో తెలియకూడదు, ఊదగానే గుద్దు ఆగాలి. 1999 అక్టోబర్‌లో టైసన్ గంట మోగాక ఓర్లిన్ నోరిస్‌ను కొట్టినందువల్లే ఆ పోరాటం ఫలితం లేకుండా పోయింది. విజిల్ తర్వాత కొట్టినవాడికి దండాలు (పుషప్‌లు) తీయించకండి, గ్లౌజులు విప్పించి ఆ రోజు బయట కూర్చోబెట్టండి.

నియమాల లెక్క కూడా చెప్పాలి. అమెచ్యూర్ పోటీల్లో రౌండు సాధారణంగా 10-9 తేడాతో (గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది) వస్తుంది, నియమం తప్పినందుకు రిఫరీ ఇచ్చే ఒక్క వార్నింగ్‌కు పాయింటు పోతుంది, అంటే కష్టపడి గెలిచిన రౌండు చేజారినట్టే. మూడో వార్నింగ్‌తో పోటీయే పోతుంది. బండలాగుడు పందెం చూసి పెరిగిన ప్రకాశం జిల్లా పిల్లలకు దీన్ని వివరించడం తేలిక. ఒంగోలు గిత్త ఎన్ని రంకెలు వేసినా, బండ కదిలిన దూరాన్నే కొలుస్తారు కదా.

రౌండ్ల మధ్య దొరికే ఒక్క నిమిషం మీ చేతిలో ఉంటుంది. మొదటి ఇరవై సెకన్లు ఏమీ మాట్లాడకండి, నీళ్లిచ్చి ఊపిరి తీసుకోనివ్వండి. "వాడు తలతో గుద్దుతున్నాడు సార్!" అంటే వాదన పెట్టుకోకుండా, "అది నేను చూసుకుంటాను, నువ్వు ఎడమకు తిరుగు" అని ఒకే ఒక్క పని చెప్పండి. ఐసు, తువ్వాలు, వ్యాజలిన్, ఇంకో మౌత్‌పీస్ ముందే సర్దుకోండి. 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడిన రాత్రి, వాచిన కంటికి అదిమే సాధనం లేక టైసన్ కార్నర్ రబ్బరు గ్లౌజులో ఐసు నీళ్లు పోసి అద్దింది.

జిల్లా పోటీలకు పేర్లు పంపేముందు మూడు రౌండ్ల స్పారింగ్ పెట్టి, ఎదుటివాడికి పట్టుకుని విసిగించమని రహస్యంగా చెప్పండి. గంట మోగగానే చేతులు దించి తన మూలకు నడిచి వచ్చినవాడి పేరు రాయండి, రానివాడిని మరో రెండు నెలలు ఇసుక సంచి దగ్గరే ఉంచండి.