అమ్మమ్మ జీవితాన్ని రాసిపెట్టడం ఎలా: కతోలిక కుటుంబాలకు కొన్ని సూచనలు

ఇంట్లో తల్లి గానీ, అమ్మమ్మ గానీ, నాయనమ్మ గానీ ప్రభువు పిలుపు అందుకున్న తరువాత, అంత్యక్రియల నాటికో, నెల పూజ నాటికో, సంవత్సరీకం నాటికో ఆమె గురించి ఒక పేజీ రాసే పని చదువుకున్న మనుమలకో మనుమరాళ్లకో అప్పగిస్తారు. వాళ్లలో చాలామంది ‘భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, దయగల తల్లి’ అని మొదలుపెడతారు. ఈ మాటలు అబద్ధం కాకపోవచ్చు గాని, ఏ విచారణలోని (ఒక గుడి కిందికి వచ్చే ఊళ్లలోని) ఏ పెద్దావిడకైనా సరిపోతాయి. ఆమె భక్తి ఏ పూట, ఏ పనిగా కనిపించేదో రాయడమే అసలు పని, దానికి కొంత సేకరణ అవసరం.

ముందుగా తేదీలు చూడాలి. ఆ తరం స్త్రీల ఆధార్ కార్డుల్లో జనవరి 1 అనో జూలై 1 అనో పుట్టినరోజు ఉంటే దాన్ని నమ్మవద్దు. ఆమె జ్ఞానస్నానం పొందిన గుడిలోని పుస్తకం చూడమని విచారణ గురువులను మర్యాదగా అడగండి. ఆ పుస్తకంలో పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లతో పాటు, తరువాత జరిగిన భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), వివాహం వివరాలను కూడా నమోదు చేయాలని శ్రీసభ (కతోలిక చర్చి) నియమం. అయితే వెతకవలసింది మెట్టినింటి ఊరిలో కాదు, పుట్టింటి ఊరిలో. ఆ ఊరిలో అప్పటికి గురువుల నివాసం లేకపోతే, ఏ పెద్ద విచారణ కింద ఉండేదో ఆ గుడిలో అడగాలి. పాత కాగితాల మీద మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) పేరు వేరుగా కనిపిస్తే తికమక పడనక్కరలేదు: గుంటూరు మేత్రాసనం 1940లో నెల్లూరు నుంచి, ఏలూరు మేత్రాసనం 1976లో విజయవాడ నుంచి వేరుపడ్డాయి. పుస్తకం దొరకనప్పుడు ‘దివిసీమ ఉప్పెన నాటికి పెద్దపిల్లకు నడక వచ్చింది’ వంటి ఇంటి లెక్కలే ఆధారం. ఆ ఉప్పెన వచ్చింది 1977 నవంబరులో గనుక, అక్కడినుంచి వెనక్కి లెక్కించి సుమారు సంవత్సరం రాయవచ్చు.

ఆమె పేరు మీద ఒకటి రెండు వాక్యాలు తప్పక ఖర్చు చేయండి. మన పాత కతోలిక పేర్లలో చాలా వరకు తమిళ నేల మీదుగా వచ్చినవి కావడంతో నేటి పిల్లలకు వాటి మూలం తెలియదు. శౌరి అంటే జేవియర్, రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు, ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్. శౌరమ్మ అనే పేరుగల ఆమె పునీత జేవియర్ పండుగైన డిసెంబరు 3న కొత్త చీర ఎందుకు కట్టేదో, ఆరోగ్యమ్మ ఆరోగ్యమాత పండుగైన సెప్టెంబరు 8న ఆ తల్లి క్షేత్రమైన వేలాంకణ్ణి వైపు తిరిగి ఎందుకు దండం పెట్టుకునేదో ఆ ఒక్క మాటతో మనుమలకు అర్థమవుతుంది.

తరువాత ఆమె జపమాల సంగతి. ఇక్కడ తొందరపడవద్దు, ఎందుకంటే ఆమె రోజంతా దాని చుట్టూనే అల్లుకుని ఉంటుంది. ఏ వేళకు చెప్పేది, పిల్లలను మోకాళ్ల మీద ఎంతసేపు నిలబెట్టేది, ఎవరి పేరున ఏ పదిపూసలు చెప్పేది, నిద్రలో కూలబడిన మనుమడిని వదిలేసేదా, గిల్లి లేపేదా అన్నవి అడిగి తెలుసుకోండి. 2002లో రెండవ జాన్‌పాల్ పోపుగారు జపమాలలో ధ్యానించే యేసు జీవిత ఘట్టాలకు వెలుగు దేవరహస్యాలను చేర్చి వాటికి గురువారాన్ని సూచించారు. అంతకు ముందు గురువారం చెప్పేవి సంతోష దేవరహస్యాలు. మీ అమ్మమ్మ చివరిదాకా పాత వరుసనే పట్టుకుని ఉంటే అది రాయదగిన విషయం, మారిన వరుసను డెబ్బై ఏళ్ల వయసులో కంఠస్థం చేసి ఉంటే మరింత రాయదగిన విషయం. విజయవాడలోని గుణదల మరియమాత కొండకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల తిరునాళ్లకు వెళ్లేవారైతే, ఎవరి మొక్కు కోసం కొండ ఎక్కారో, వెంట ఏ అన్నం మూట కట్టుకెళ్లారో కూడా రాయండి.

బంధువులను అడిగేటప్పుడు ‘అమ్మమ్మ ఎలాంటి మనిషి?’ అని అడిగితే ‘దేవత నాయనా’ అన్న జవాబే వస్తుంది. ‘చిన్నమ్మా, మిరప కోతల రోజుల్లో అమ్మమ్మ పూజకు ఎలా వెళ్లేది?’ అని అడగండి. చేతిలో ఆమె పాత ప్రార్థన పుస్తకం ఉంటే ఇంకా మంచిది. అట్ట లోపల దాచిన చీటీలు, మందుల రసీదులు, ఎవరికో ఇచ్చిన అప్పు లెక్క, అన్నీ మాటలను బయటికి లాగుతాయి.

ఆమె కోపాన్ని, పంతాన్ని వదిలేయవద్దు. ఇంటి పెద్దలు దీనికి అభ్యంతరం చెప్పవచ్చు గాని, కతోలిక విశ్వాసం ప్రకారం మరణించిన వారి ఆత్మల కోసం మనం ప్రార్థన చేస్తాము. ఆమెను మనమే పునీతురాలిగా ప్రకటించేస్తే ఆ ప్రార్థనకు చోటెక్కడ? కోడలితో ఆరు నెలలు మాట్లాడకుండా ఉండి, మట్టల ఆదివారం నాడు తానే వెళ్లి పలకరించిన అత్తగారి కథ పది విశేషణాల కన్నా ఎక్కువ చెబుతుంది. అయితే బతికి ఉన్నవారి పరువు పోయే సంగతి కాగితం మీదికి రాకూడదు.

రాసినది ఎక్కడ చదవాలన్నది కూడా ముందే గురువులతో మాట్లాడుకోవాలి. అంత్యక్రియల పూజలో గురువుల ప్రసంగం మృతుల ప్రశంసగా మారకూడదని నియమం ఉంది. కుటుంబం తరఫున ఒకరు, సత్ప్రసాదం (కమ్యూనియన్) తరువాతి ప్రార్థన ముగిశాక, తుది వీడ్కోలుకు ముందు, కొద్ది మాటలు చెప్పవచ్చు. దానికి మూడు నిమిషాలు, అంటే చేతిరాతలో పేజీకి కాస్త ఎక్కువ, చాలు. పొడవైన కథకు ముందురోజు రాత్రి ఇంటి దగ్గర జరిగే జపమాల కూడికే సరైన చోటు. స్మారక కార్డు మీద పేరు, రెండు తేదీలు, ఒక వాక్యం, నిత్య విశ్రాంతి కోరే ప్రార్థన మించి పెట్టవద్దు.

అచ్చుకు ఇచ్చే ముందు, ఆమె తోబుట్టువుల్లో బతికి ఉన్న పెద్దవారి దగ్గర కూర్చుని మొత్తం గట్టిగా చదవండి. వారు ‘అది కాదురా, ఆ ఏడు మేము గుణదల పోలేదు’ అన్నచోట దిద్దుకోండి. దిద్దిన కాగితాన్ని ఆమె ప్రార్థన పుస్తకంలో పెట్టి, నవంబరు 2న సమాధికి సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించడానికి వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లండి. అక్కడ పిల్లల్లో ఒకరి చేత చదివించవచ్చు.