ముందు తోక కట్టండి

ఇంట్లో విమానం కట్టాలంటే ఎంత అవుతుందని అడిగేవాళ్లకి నా సలహా ఒకటే. మొత్తం కిట్టు ఖరీదు చూడకండి. చూస్తే అక్కడే ఆగిపోతారు. తోకకి నిలువుగా ఉండి విమానం ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే పలక, అంటే రడ్డర్, దాని ఒక్కదాని ఖరీదు చూడండి. విమానం కిట్లు అమ్మే అమెరికా కంపెనీ జెనిత్ దాన్ని విడి కిట్టుగా అమ్ముతుంది. కొలవడం, కన్నం వేయడం, అంచు నునుపు చేయడం, రివెట్ వేయడం... రడ్డర్‌కి చేసే ఈ పనులే రేపు రెక్కలకీ బాడీకీ చేస్తారు. పని నచ్చకపోతే పోయేది ఆ కాస్త డబ్బే. నచ్చితే మిగతావి చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కోటీ తెప్పించుకోవచ్చు.

నేను బరంపురంలో బస్సు బాడీలు కట్టేవాణ్ణి. రేకు, రివెట్టు నాకు కొత్త కాదు కాబట్టి జెనిత్ వాళ్ల రేకు విమానం సీహెచ్ 701 ఎంచుకున్నాను. క్రిస్ హైంట్జ్ డిజైన్, రెండు సీట్లు, పై రెక్క, దాదాపు అంతా ఒక పక్క నుంచే వేసే పాప్ రివెట్లే. మీరు వడ్రంగం తెలిసినవాళ్లయితే చెక్క విమానం చూసుకోండి. రాని పని నేర్చుకోవడానికి అయ్యే ఖర్చు ఏ లెక్కలోనూ కనపడదు.

రేకు కొనకముందు కాగితాల సంగతి. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ డాబా మీద కట్టిన విమానాన్ని 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి పర్మిట్ 2019లో. ఆయనది సొంత డిజైను, ఆరు సీట్లది, నిజమే. అయినా ఆ ఏళ్లు గుర్తుపెట్టుకోండి. మీ మోడల్‌కి ఏమేం కావాలో విమానాలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏకి ముందే రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరూ పర్మిటూ లేకుండా మా బరంపురం దగ్గరి రంగైలుండా రన్‌వే మీదే కాదు, ఊరవతల బీట్లో కూడా చక్రం నేల వదలకూడదు. మొదటి రోజు నుంచీ తేదీతో ఫొటోలు తీయండి. ఏ భాగాన్నైనా రేకుతో మూసేముందు లోపలి ఫొటో తప్పకుండా ఉండాలి. తర్వాత ఎవరడిగినా విప్పి చూపించలేరు.

పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల ఒకటి చాలు. పైన మందపాటి ప్లైవుడ్, కింద గట్టి ఫ్రేము. లెవెల్‌కి లేజర్లూ గీజర్లూ వద్దు, తాపీమేస్త్రి వాడే నీళ్ల గొట్టం తెచ్చి నాలుగు మూలలా చూసుకోండి. బల్ల మెలి తిరిగి ఉంటే రెక్క కూడా మెలి తిరుగుతుంది. అలాంటి విమానం ఒక పక్కకే ఒరుగుతుంది.

ఖర్చు తగ్గించకూడనివి మూడు: రేకు, రివెట్లు, బోల్టులు. డ్రాయింగులో 6061-టీ6 అనే అల్యూమినియం రకం ఉంటే అదే కావాలి. టెస్ట్ సర్టిఫికెట్ ఇచ్చే డీలర్ దగ్గరే కొనండి. మా షాపులో బస్సు పక్కలకి వేసే రేకు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, బలం మాత్రం వేరు. రివెట్లూ అంతే, హార్డ్‌వేర్ షాపులో డబ్బా లెక్కన దొరికేవి బస్సుకి సరే, రెక్కకి కాదు. బోల్టులు విమానాలకి వాడే ఏఎన్ రకానివి. నైలాన్ నట్టు బిగించాక బోల్టు మర కనీసం ఒక చుట్టు బయటికి కనపడాలి.

ఇక కన్నం. డ్రాయింగులో రివెట్లని లావుని బట్టి ఏ4, ఏ5 అంటారు. ఏ4 రివెట్‌కి 30 నంబరు బిట్టు, అంటే సుమారు 3.26 మిల్లీమీటర్లు. మన షాపుల్లో దొరికే 3.2 బిట్టుతో వేస్తే రివెట్ బిగుతుగా పట్టేస్తుంది, సుత్తితో తట్టాలనిపిస్తుంది. తట్టకండి. 30, 20 నంబర్ల బిట్లు అరడజను చొప్పున తెప్పించుకోండి, 20 నంబరు ఏ5 రివెట్‌కి. కన్నం మధ్య నుంచి రేకు అంచుకి దూరం రివెట్ లావుకి రెండింతలన్నా ఉండాలి. ఏ4కి ఆరున్నర మిల్లీమీటర్లు అనుకోండి. గుర్తులు పెన్సిల్‌తో వద్దు, అందులోని గ్రాఫైట్ అల్యూమినియంని తినేస్తుంది. సూదితో గీస్తే ఆ గీత దగ్గరే పగులు మొదలవుతుంది. పర్మనెంట్ మార్కర్ వాడండి.

రెండు రేకుల్ని కలిపి కన్నం వేశాక క్లీకోలు, అంటే కన్నంలో పెట్టి తీసేసే తాత్కాలిక పిన్నులు, పెట్టి పట్టుకోవాలి. రాగి రంగువి ఏ4కి, నల్లవి ఏ5కి. అన్నీ సరిపోయాయనుకున్నాక మళ్లీ విప్పాలి. బస్సు పనివాళ్లకి ఇక్కడే ఓపిక పోతుంది. విప్పి, ప్రతి కన్నం అంచునా లేచిన బర్‌ని పెద్ద బిట్టు చేత్తో ఒక్కసారి తిప్పి తీసేయాలి. మరీ లోతుగా కాదు, వేలితో తడిమితే గీసుకోకూడదు, అంతే. రేకుల మధ్య ఉన్న పొట్టు ఊది, ప్రైమర్ పూసి, మళ్లీ క్లీకోలు పెట్టి అప్పుడు రివెట్. మాది సముద్రపు గాలి, ఇక్కడ ప్రైమర్ మానేయడం కుదరదు. ప్రైమర్‌లో ఉండే జింక్ క్రోమేట్ విషం కాబట్టి మామూలు గుడ్డ కట్టుకుంటే చాలదు, సరైన మాస్కు వేసుకోండి.

ఇనుము కోసే గ్రైండర్ పక్కన ఈ పని అస్సలు పెట్టకండి. ఆ నిప్పురవ్వలు అల్యూమినియంలో గుచ్చుకుని తుప్పు పట్టిస్తాయి. నేను షెడ్డు మధ్యలో టార్పాలిన్ కట్టి, ఈ పక్కకి వేరే ఆకురాళ్లు, వేరే బ్రష్షులు పెట్టుకున్నాను.

కంప్రెసర్ కొననక్కర్లేదు, టైర్ల షాపు వాళ్లతో మాట్లాడుకోండి. ఇంజన్ చివర్న. రోటాక్స్ 912 ధర ఇప్పుడే చూసి టెన్షన్ పడక్కర్లేదు. అన్నీ బిగించాక మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి బరువు, బ్యాలెన్స్ లెక్క తీయాలి. వాటిని ఉల్లిపాయల వ్యాపారులు అద్దెకిస్తారు, కాకపోతే ముందు సరిచూసుకోండి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా పక్కనున్న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అక్టోబరు రాకముందే పూర్తయిన భాగాల్ని రేకుల షెడ్డులోంచి శ్లాబు కిందికి మార్చేయండి. రడ్డర్ హాల్లో గోడకి నిలబెడితే పట్టేస్తుంది. రెక్కల సంగతి మాత్రం ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడి, ఒక గది ఖాళీ చేయించుకోండి.