సెయింట్ లూసియాలో లోకల్ టూర్ బుక్ చేసేముందు ఏం అడగాలి

కరీబియన్ ద్వీపం సెయింట్ లూసియా మ్యాప్‌లో చూస్తే చిన్న చుక్క, పొడుగు సుమారు 43 కిలోమీటర్లు, వెడల్పు 22, దాంతో ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి మొత్తం చుట్టేయొచ్చు కదా అని. టూర్ వాళ్ళు కూడా దీన్ని బట్టే అమ్ముతారు, ఒక్క రోజులో పిటాన్ కొండలు, అగ్నిపర్వతం, మడ్ బాత్, జలపాతం, కోకో తోట, స్నార్కెలింగ్, మధ్యలో లంచ్, అన్నీ ఒకే టికెట్‌లో. ఆ లిస్ట్ ఎంత పొడుగ్గా ఉంటే నాకు అంత అనుమానం.

ఎందుకంటే అసలు సమస్య దూరం కాదు, రోడ్డు. హోటళ్ళు ఎక్కువ ఉత్తరాన రాడ్నీ బే వైపు, క్రూజ్ షిప్పులు ఎక్కువగా ఆగేది రాజధాని క్యాస్ట్రీస్‌లో, చూడాల్సినవేమో చాలావరకు నైరుతి మూల సూఫ్రియేర్ చుట్టూ. క్యాస్ట్రీస్ నుంచి సూఫ్రియేర్‌కి ఒకవైపే గంటన్నర దాకా పడుతుంది, కొండ ఎక్కడం దిగడం, మలుపు మీద మలుపు, వాంతులయ్యే అలవాటున్న వాళ్ళకి నరకమే. రానూపోనూ మూడు గంటలు వ్యాన్‌లోనే పోతే ఆ ఏడెనిమిది చోట్లకి మిగిలేదెంతో మీరే లెక్కేసుకోండి. అందుకని ఆపరేటర్‌కి మెసేజ్ పెట్టినప్పుడు "ఏమేం చూపిస్తారు" అని కాదు, "ఒక్కోచోట ఎంతసేపు ఆపుతారు" అని అడగండి. ఇక్కడ చాలామంది వాట్సాప్‌లోనే మాట్లాడతారు. పని తెలిసినవాడు ఫలానా చోట గంట, ఫలానా చోట నలభై నిమిషాలు, మీ గుంపులో పెద్దవాళ్ళుంటే అది వదిలేద్దాం అని టకటకా చెప్తాడు. "అన్నీ కవర్ చేస్తాం, నో ప్రాబ్లం" అని మాత్రమే రాసినవాణ్ణి నేనైతే అక్కడితో వదిలేస్తాను.

మడ్ బాత్‌నే తీసుకోండి. సూఫ్రియేర్ దగ్గర సల్ఫర్ స్ప్రింగ్స్‌ని కారు వెళ్ళే అగ్నిపర్వతం అని ప్రచారం చేస్తారు, బూడిద రంగు గుంటల్లో నీళ్ళు కుతకుతా ఉడుకుతుంటాయి, కుళ్ళిన గుడ్ల వాసన దూరంనుంచే కొడుతుంది. కింద వేడినీళ్ళ కొలనులో దిగాలి, బైటికొచ్చి బురద పూసుకోవాలి, అది ఎండి బిగుసుకునేదాకా ఆగాలి, మళ్ళీ కొలనులో కడుక్కుని, షవర్ చేసి, బట్టలు మార్చుకోవాలి. దీనికి ఇరవై నిమిషాలిచ్చే టూర్ ఉందంటే వాళ్ళు మిమ్మల్ని బురదతోనే వ్యాన్ ఎక్కించే రకం. ఇంకోటి, వెండి పట్టీలు, గొలుసులు ముందే తీసేయమని, లేత రంగు స్విమ్‌సూట్ వద్దని బుకింగ్ టైమ్‌లోనే చెప్పే గైడ్ మంచి గైడ్, ఆ గ్యాస్‌కి వెండి నల్లబడుతుంది, బురద మరక బట్టకి పట్టేస్తుంది. అలాగే ఆ ఉడికే గుంటల దగ్గరిదాకా తీసుకెళ్తానని ఎవరైనా అంటే అసలు నమ్మొద్దు. ఒకప్పుడు అంచుదాకా పోనిచ్చేవాళ్ళు, ఒక గైడ్ కాళ్ళ కింద పైపెచ్చు విరిగి లోపల పడి కాలిపోయాక ఆపేశారు, ఇప్పుడు ప్లాట్‌ఫామ్ మీంచి చూడటమే.

కొండెక్కాలనుకునేవాళ్ళకి వేరే సంగతి. పిటాన్లు రెండు, గ్రో పిటాన్ 798 మీటర్లు, పెటీ పిటాన్ 743, ఆ ప్రాంతం 2004 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. పెద్దదే ఎక్కడానికి నయం, చిన్నది నిట్టనిలువుగా ఉంటుంది కాబట్టి దాన్ని మామూలు టూరిస్టులు తలపెట్టకపోవడమే మంచిది. గ్రో పిటాన్‌కి కింద ఫాన్ జాన్ లీబ్ ఊరి గైడ్లే తీసుకెళ్తారు, మీ హోటల్లో బుక్ చేసినా, షిప్పులో చేసినా, చివరికి మిమ్మల్ని కొండెక్కించేది ఆ ఊరివాళ్ళే. బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్ళు దాక్కున్న ప్రాంతం అది, ఆ కథలు వాళ్ళ నోట వింటేనే బాగుంటాయి. అందుకే ఇక్కడ మధ్యవర్తి ఇచ్చేది చాలావరకు రవాణా మాత్రమే, రేటు ఆ లెక్కన చూసుకోండి, గైడ్ ఫీజు అందులో కలిసిందా లేక అక్కడ విడిగా కట్టాలా అన్నది ముందే తేల్చుకోండి. సగం దాకా పర్వాలేదు, అక్కడినుంచి మెట్టుమెట్టుకీ పెద్ద పెద్ద రాళ్ళు, చేతులు కూడా వాడాలి, దిగేటప్పుడు మోకాళ్ళు మాట్లాడతాయి. నాలుగైదు గంటలు చేతిలో ఉంచుకోవాలి, పొద్దున్నే మొదలుపెట్టాలి. పదింటికి మొదలుపెట్టే ప్యాకేజీ అయితే వద్దు, ఎండ మాడ్చేస్తుంది. సగం దగ్గర ఆపి మీ మొహం చూసి "ఇక్కడితో చాలు" అని చెప్పగల గైడ్ దొరికితే అదృష్టం. మోకాళ్ళు బాలేనివాళ్ళు టెట్ పాల్ నేచర్ ట్రైల్ అడగండి, ముప్పావుగంట నడక, రెండు పిటాన్లూ కనిపిస్తాయి, ఫోటోలు కూడా అక్కడే బాగా వస్తాయి (కొండ మీద నిలబడితే ఆ కొండ ఫోటోలో పడదు కదా).

రోడ్డు పడనివాళ్ళకి పడవ ఉంది. రాడ్నీ బే నుంచి కాటమరాన్ మీద సూఫ్రియేర్ దాకా వెళ్ళి అక్కడ వ్యాన్‌లో తిప్పి మళ్ళీ పడవలో తెస్తారు, పిటాన్లు సముద్రం మీంచి కనిపించే తీరే వేరు. కానీ పెద్ద పడవంటే పెద్ద గుంపు, మ్యూజిక్, రమ్ పంచ్. ప్రశాంతంగా కావాలంటే ఎంతమందిని ఎక్కిస్తారో అడిగి చిన్న బోట్ చూసుకోండి. మరోపక్క ఉత్తరాన పిజన్ ఐలాండ్‌కి గైడ్ అవసరమే లేదు, టికెట్ కొనుక్కుని కోట దాకా మీరే నడిచి వెళ్ళొచ్చు.

రోడ్డు టూర్ అయితే డ్రైవర్ ఎక్కడెక్కడ ఆపుతాడో చూస్తే మనిషి తెలిసిపోతాడు. కెనరీస్ దారిలో వేడివేడి కర్రపెండలం రొట్టె దొరికే చోట ఆపేవాడు ఒకరకం, వరసగా సావనీర్ షాపులే చూపించేవాడు ఇంకోరకం. రివ్యూలు చదివేటప్పుడు కూడా ఐదు స్టార్లు వదిలేసి మూడు స్టార్లవి చదవండి, ఎవరు ఎక్కడ హడావిడి పెట్టారో అక్కడే ఉంటుంది. వెజిటేరియన్లు లంచ్ గురించి గట్టిగా రాయాలి, మాంసం తినం అంటే చేప పెట్టేస్తారు, ఇక్కడి జాతీయ వంటకమే పచ్చి అరటికాయ, ఉప్పుచేప. కల్లలూ సూప్ ఆకుకూరే కదా అని తాగేయకండి, అందులో మాంసం ముక్కలు వేసేవాళ్ళూ ఉన్నారు.

క్రూజ్‌లో వచ్చేవాళ్ళు టైమ్ విషయంలో జాగ్రత్త. షిప్పువాళ్ళ టూర్ లేటైతే షిప్ ఆగుతుంది, బయట బుక్ చేసుకున్నది లేటైతే ఆగదు. బయటిది చవక, గుంపు తక్కువ, నేను దానికే ఓటేస్తా, కానీ చివరి బోర్డింగ్‌కి కనీసం గంటన్నర ముందు పోర్టులో దింపుతానని రాతపూర్వకంగా చెప్పించుకోండి. షిప్ గడియారం, ద్వీపం గడియారం ఒకటేనా అన్నది కూడా చూసుకోండి, సెయింట్ లూసియా ఏడాదంతా ఒకే టైమ్ మీద నడుస్తుంది, చలికాలంలో ఫ్లోరిడా టైమ్ కంటే (చాలా క్రూజ్‌లు బయల్దేరేది అక్కడినుంచే) గంట ముందుంటుంది. పోర్టు బయట పిలిచే ట్యాక్సీలతో మాట్లాడితే నెంబర్ ప్లేట్ టీఎక్స్‌తో మొదలైందో లేదో చూడండి, అది లైసెన్స్ ఉన్న ట్యాక్సీకిచ్చేది. మీటర్లుండవు, ఎక్కకముందే రేటు మాట్లాడుకోవాలి, మనిషికా బండికా అన్నది కూడా.

జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల సీజన్, అప్పుడు వెళ్తుంటే వాళ్ళు క్యాన్సిల్ చేస్తే డబ్బు వాపసా లేక వేరే రోజా అడగకుండా అడ్వాన్స్ కట్టొద్దు.

చివరగా డబ్బు. "వంద డాలర్లు" అంటే ఏ డాలర్లు అని మొహమాటం లేకుండా అడగండి. ఇక్కడిది ఈస్ట్ కరీబియన్ డాలర్, ఒక అమెరికా డాలర్‌కి 2.70 చొప్పున 1976 నుంచి కట్టేశారు, అంటే ఇక్కడి వంద అమెరికా లెక్కలో 37. అమెరికా డాలర్లు టూర్ వాళ్ళు హాయిగా తీసుకుంటారు గానీ చిల్లర మాత్రం లోకల్ నోట్లలోనే వస్తుంది, కాబట్టి టిప్‌కి, బ్యాలెన్స్‌కి ఒకట్లు, ఐదులు, పదులు దగ్గరుంచుకోండి. మిగిలిన లోకల్ నోట్లు గ్రెనడా, డొమినికా, ఆంటిగ్వాల్లో కూడా నడుస్తాయి, తర్వాతి స్టాప్ బార్బడోస్ అయితే మాత్రం అక్కడి డాలర్ వేరు, ఉన్నవి ఇక్కడే ఖర్చు పెట్టేసుకోండి.