ఉత్తర సముద్రం దాటే ట్రైలర్‌పై ఇంధన నిబంధనల భారం ఎంత? లెక్క కట్టే పద్ధతి

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి బెల్జియంలోని ఘెంట్‌కు ట్రైలర్ (లారీ వెనక తగిలించే సరుకు బండి) ఓడలో పంపితే, బిల్లులో అసలు చార్జీ కింద రెండు మూడు సర్‌చార్జీలు కనిపిస్తాయి. వాటిని విడివిడిగా లెక్క కట్టగలిగితేనే ఓడ కంపెనీతో బేరమాడగలం.

మొదటిది సల్ఫర్. బాల్టిక్, ఉత్తర సముద్రం, ఇంగ్లిష్ చానెల్‌లలో 2015 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో సల్ఫర్ 0.10 శాతం దాటకూడదు. ఇలాంటి నియంత్రణ ప్రాంతాల బయట 2020 నుంచి ఉన్న పరిమితి 0.50 శాతం. ఆసియా నుంచి వచ్చే కంటైనర్ ఓడ దారిలో చాలాభాగం చవక ఇంధనమే కాల్చి, నియంత్రణ ప్రాంతంలోకి వచ్చే ముందు మార్చుకుంటుంది. ఘెంట్ వెళ్లే ఓడకు ఆ వెసులుబాటు లేదు. తాళ్లు విప్పింది మొదలు మళ్లీ కట్టేదాకా ఖరీదైన గ్యాస్ ఆయిల్ (సల్ఫర్ తక్కువుండే, డీజిల్ లాంటి ఇంధనం) వంటిదే కాల్చాలి. పైగా దానికి పోటీ వంతెనల మీదుగా పోయే లారీ. అందుకే ఓడ చార్జీ పెరిగితే సరుకు రోడ్డెక్కే ప్రమాదం ఉంది. పర్యావరణం కోసం పెట్టిన నిబంధన ఇలా ఎదురు తిరిగితే నిజంగా బాధాకరం.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఓడకు స్క్రబ్బర్ (పొగలోని సల్ఫర్‌ను కడిగేసే పరికరం) ఉందేమో తప్పక అడగండి. ఉంటే అది సల్ఫర్ ఎక్కువున్న, చవకైన హెవీ ఫ్యూయలే కాలుస్తుంది కాబట్టి గ్యాస్ ఆయిల్ ధర మీద సర్‌చార్జి వేయడం న్యాయం కాదు. అయితే 2025 జూలై 1 నుంచి డెన్మార్క్, స్వీడన్ తమ ప్రాదేశిక జలాల్లో ఓపెన్ లూప్ స్క్రబ్బర్ (పొగ కడిగిన నీటిని తిరిగి సముద్రంలోకే వదిలే రకం) నీరు వదలనివ్వడం లేదు. అక్కడ గ్యాస్ ఆయిల్‌కు మారామని కంపెనీ చెబితే, ఎన్ని టన్నులు కాల్చిందో అడగాలి.

రెండోది కార్బన్ కోటా, అంటే యూరోపియన్ యూనియన్ ఈటీఎస్. ఓడ వదిలే ప్రతి టన్ను ఉద్గారానికి ఒక కోటా కొని అప్పగించాలనే పద్ధతి ఇది. ముందు ఓడ గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి పరిమాణాన్ని చెప్పే అంకె) చూడండి. 5,000 కంటే తక్కువున్న సరుకు ఓడలు కోటా కొనక్కర్లేదు. తీరం వెంట తిరిగే చిన్న ఓడల (కోస్టర్ల) బిల్లులో ఈ పద్దు కనిపిస్తే నిలదీయొచ్చు. సల్ఫర్ నిబంధన మాత్రం చిన్న ఓడలకూ వర్తిస్తుంది.

ఒక ప్రయాణానికి 40 టన్నుల గ్యాస్ ఆయిల్ అనుకుందాం. టన్నుకు 3.206 టన్నుల బొగ్గుపులుసు వాయువు చొప్పున 128.24 టన్నులు. కోటా ధర టన్నుకు 75 యూరోలనుకుంటే 9,618 యూరోలు. 2024 ఉద్గారాలకు ఇందులో 40 శాతం, 2025కు 70 శాతం కట్టాలి. 2026 నుంచి మొత్తం కట్టాలి. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కూడా 2026 నుంచే చేరాయి కాబట్టి ఇంకో ఒకటిన్నర శాతం కలపండి. ఘెంట్‌కు బదులు ఇంగ్లండ్‌లోని ఇమింగ్‌హామ్‌కు వెళ్తే, ప్రయాణపు ఉద్గారాల్లో సగమే లెక్కలోకి వస్తుంది. కానీ యూనియన్ రేవులో నిలబడి కాల్చినదంతా నూరు శాతం లెక్కే. చాలామంది మరిచిపోయేది ఇదే.

మూడోది 2025లో మొదలైన ఫ్యూయల్‌ఈయూ, అంటే ఓడ ఇంధనం వల్ల వచ్చే ఉద్గారాలకు యూరోపియన్ యూనియన్ పెట్టిన హద్దు. ఒక మెగాజౌల్ శక్తికి ఉద్గారాలు 89.34 గ్రాములు దాటకూడదు. మామూలు గ్యాస్ ఆయిల్‌ది 90.77. ఆ 40 టన్నులకు జరిమానా సుమారు 1,575 యూరోలు. అయితే బయో ఇంధనం వాడే ఓడలతో పూల్‌లో (లెక్కలు కలిపి చూపే ఓడల జట్టులో) చేరితే లోటు ఇంతకంటే చవకగా తీరుతుంది. జరిమానా రేటునే సర్‌చార్జిగా వేశారంటే, పూల్‌లో ఉన్నారో లేదో అడగండి.

ఇక భాగహారం. అసలు తేడా ఇక్కడే వస్తుంది. 9,618ని 200 ట్రైలర్లకు పంచితే తలా 48 యూరోలు, 130కే పంచితే 74. తిరుగు ప్రయాణంలో ఓడ సగం ఖాళీగా వస్తుంటే ఆ భారం ఏ దిశ సరుకు మీద వేస్తున్నారో ఒప్పందంలో రాయించుకోండి. ట్రైలర్ లెక్క వద్దంటే లేన్ మీటర్లలో (ఓడ డెక్కు మీద బండి ఆక్రమించే పొడవులో) అడగండి. 13.6 మీటర్ల ట్రైలర్‌కు 14 లేన్ మీటర్లు వేసుకోవచ్చు. కోటా ధరకు ఏ నెల సగటు తీసుకుంటారో, ఇంధనానికి మూల ధర (అసలు చార్జీలో ముందే కలిసిన ఇంధన ధర) ఎంతో కూడా అందులోనే ఉండాలి. మూల ధర రాయకపోతే అసలు చార్జీలో ఒకసారి, సర్‌చార్జీలో మరోసారి అదే ఇంధనానికి డబ్బు కడతారు.